సీఎస్‌ఈ విద్యార్థికి తక్కువ ధరలో ల్యాప్‌టాప్ ఎంచుకోవడం ఎలా? ముందు ర్యామ్ సంగతి తేల్చుకోండి

వరంగల్‌లో ఒక ఇంజనీరింగ్ కాలేజీ కంప్యూటర్ ల్యాబ్‌లో పదమూడేళ్లుగా పని చేస్తున్నాను. ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్) కౌన్సెలింగ్ అయ్యి సీఎస్‌ఈ సీటు ఖాయమైందో లేదో, తెలిసినవాళ్లంతా ఫోన్ చేసి అడిగేది ఒకటే: “పిల్లకి ల్యాప్‌టాప్ ఏది కొనమంటారు?” కొనేముందు అడిగినవాళ్లకి చెప్పగలను. కొన్నాక, మూడో సంవత్సరంలో “సార్, బాగా స్లో అయిపోయింది, ఏమన్నా చేయండి” అని తెచ్చేవాళ్లకి చాలాసార్లు ఏమీ చేయలేను. తప్పు కొన్నరోజే జరిగిపోయి ఉంటుంది. ఏటా అదే తప్పు చూసి చూసి విసుగొచ్చింది, అందుకే వరసగా రాస్తున్నాను.

మొదటి మెట్టు: డబ్బు

కొత్తది కొనాలంటే 45 వేల నుంచి 60 వేల దాకా పెట్టుకోండి. అంత లేకపోతే పాతది కొనండి, దాని గురించి కింద రాశాను. పాతిక, ముప్పై వేలకు కొత్త ల్యాప్‌టాప్ మాత్రం వద్దు. అవి పాఠాలు వినడానికి పనికొస్తాయి, కోడింగ్‌కి పనికిరావు.

మొదటి సంవత్సరంలో ఉండేది సీ, కాస్త పైథాన్. కాలేజీ ల్యాబ్‌తో గడిచిపోతుంది. అప్పు చేసి చేరిన నెలలోనే కొనాల్సిన పని లేదు. ఇబ్బంది ఉన్న ఇంట్లో రెండో సంవత్సరం దాకా ఆగండి. డేటా స్ట్రక్చర్స్, జావా, డీబీఎంఎస్ మొదలయ్యాక సొంత మెషీన్ ఉండి తీరాలి.

రెండో మెట్టు: ఐదు నిమిషాల్లో తేలేవి

స్టోరేజీ 512 జీబీ ఎస్‌ఎస్‌డీ, అదీ ఎన్‌వీఎంఈ రకం. మామూలు హార్డ్ డిస్క్ ఉన్నదీ, ఈఎంఎంసీ అని రాసి ఉన్నదీ పక్కన పెట్టేయండి. స్క్రీన్ 1920×1080, ఐపీఎస్ ప్యానెల్. బ్యాటరీ 45 వాట్-అవర్లకు తగ్గకూడదు. సైజు 14 అంగుళాలే, బరువు కిలోన్నర దగ్గర్లో. రోజూ హనుమకొండ బస్సులో నిలబడి వచ్చే పిల్లలకి 15.6 అంగుళాలది మోయించకండి.

కీబోర్డుకి లైటు ఉండాలి. హాస్టల్ గదిలో నలుగురుంటారు, పదకొండింటికి ఎవరో ఒకరు లైటు ఆర్పేస్తారు, మర్నాటి ల్యాబ్ ప్రోగ్రామ్ అప్పటికి సగమే అయి ఉంటుంది. టచ్ స్క్రీన్‌కి పైసా ఎక్కువ ఇవ్వొద్దు.

మూడో మెట్టు: ప్రాసెసర్ నంబరు మొత్తం చదవండి

“ఐ5 సార్, ఐ7 సార్” అనే మాటకి విలువ లేదు. దాని వెనకున్న నంబరు అడగండి. ఇంటెల్‌లో ఐ5-1235యూ అంటే 12 అనేది తరం, చివరి అక్షరం రకం. యూ అంటే బ్యాటరీ పొదుపు, హెచ్ అంటే వేగం ఎక్కువ, వేడీ ఎక్కువ. మనకి యూ చాలు. ఐ5-1235యూలో పది కోర్లు, అంటే పని పంచుకునే భాగాలు, ఉంటాయి. ఎనిమిదో తరం ఐ7-8550యూలో నాలుగే. పాత ఐ7 స్టిక్కరు చూసి మోసపోవద్దని చెప్పేది ఇందుకే. డబ్బు చాలకపోతే ఐ3-1215యూ కూడా పని నడిపిస్తుంది. సెలెరాన్, ఎన్ సిరీస్ చిప్‌లు వద్దే వద్దు.

ఏఎండీలో ఇంకో మెలిక ఉంది. రైజెన్ 5 7520యూ, రైజెన్ 5 7530యూ పక్కపక్కన పెడితే అన్నదమ్ముల్లా కనిపిస్తాయి. ఈ 7000 సిరీస్‌లో మూడో అంకె చూడాలి. 7520లో ఆ అంకె 2, అంటే జెన్ 2. చిప్ మార్కెట్‌కి వచ్చింది 2022లోనే అయినా లోపలి డిజైన్ 2019 నాటిది, కోర్లు నాలుగు. 7530లో ఆ అంకె 3, కోర్లు ఆరు. పైగా 7520యూకి ఎల్‌పీడీడీఆర్5 అనే రకం ర్యామ్ మాత్రమే పడుతుంది. దాని అర్థం కింది మెట్టులో తెలుస్తుంది.

నాలుగో మెట్టు: ర్యామ్. ఇక్కడ తొందరపడకండి

పై మూడూ కాస్త అటూ ఇటూ అయినా నాలుగేళ్లు ఎలాగో లాక్కురావచ్చు. ర్యామ్ అంటే తెరిచిన ప్రోగ్రాములన్నీ పని చేయడానికి వాడుకునే మెమరీ. ఇది తప్పితే మాత్రం దిద్దుకోలేరు.

కోర్సు సగానికి వచ్చేసరికి పిల్లలు ఏం తెరుస్తారో చూడండి. ఆండ్రాయిడ్ స్టూడియో, అందులో ఎమ్యులేటర్ (కంప్యూటర్‌లోనే నడిచే ఉత్తుత్తి ఫోన్), పక్కన క్రోమ్‌లో పదిహేను ట్యాబ్‌లు, వెనకాల మైఎస్‌క్యూఎల్. ఏమీ తెరవకుండానే విండోస్ మూడు, నాలుగు జీబీ తీసుకుంటుంది. దానికి తోడు, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని మెషీన్లలో గ్రాఫిక్స్ కూడా ర్యామ్‌లోనే భాగం అడుగుతుంది. కొన్ని రైజెన్ ల్యాప్‌టాప్‌లలో 8 జీబీ అని కొంటే, సెట్టింగ్స్‌లో ‘యూజబుల్’ అని 6 జీబీ కూడా చూపించదు. 8 జీబీ మొదటి రెండేళ్లకి సరే, ఆ తర్వాత 16 కావాలి. కాబట్టి అడగాల్సిన ప్రశ్న “ఎంత ర్యామ్ ఉంది?” అని కాదు, “ఎంత దాకా పెంచుకోవచ్చు, ఎలా పెంచుకోవచ్చు?” అని.

రెండేళ్ల కింద మూడో సంవత్సరం అమ్మాయి ఒకతె తన ల్యాప్‌టాప్ తెచ్చింది. షాపులో “ర్యామ్ తర్వాత పెంచుకోవచ్చు” అన్నారట. వాళ్ల నాన్న ఆ మాట నమ్మి, ఇప్పుడు 8 తీసుకుందాం, తర్వాత ఇంకో 8 వేయిద్దాం అనుకున్నారు. వెనక మూత పది స్క్రూలతో ఉంది. విప్పి, పాత ఏటీఎం కార్డు అంచుతో చుట్టూ వదులు చేసి తీశాను. బోర్డు మీద ప్రాసెసర్ పక్కన, వేలి గోరంతవి నల్లటి చిప్‌లు నాలుగు, నేరుగా బోర్డుకే అతికి ఉన్నాయి. స్లాట్ లేదు. ఎక్కడా లేదు. ఆ అమ్మాయి ఇంకేదైనా మాట చెబుతానేమోనని నా మొహంలోకే చూస్తోంది. మూత మళ్లీ బిగించి ఇచ్చేశాను. ఎమ్యులేటర్ వదిలేసి యాప్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో సొంత ఫోన్ మీదే నడిపించుకోవడం నేర్పాను. ప్రాజెక్టు అలా గట్టెక్కింది. కానీ ఆ సెమిస్టరంతా సాయంత్రం ఆరుదాకా ల్యాబ్‌లోనే కూర్చుని ఆఖరి బస్సుకి పరుగెత్తేది.

ల్యాప్‌టాప్‌లో ర్యామ్ మూడు రకాలుగా ఉంటుంది. ఒకటి, మొత్తం బోర్డుకే అతికించింది. రెండు, సగం అతికించి, ఇంకో సగానికి ఒక స్లాట్ ఇచ్చింది. మూడు, రెండూ స్లాట్లే. మూడోది దొరికితే అదృష్టం, రెండోది చాలు. మొదటిదైతే 16 జీబీ ఉంటేనే చూడండి. అతికించిన 8 జీబీని ఎంత తగ్గింపు ఇచ్చినా తీసుకోకండి.

ఇది తెలుసుకోవడం ఎలా? స్పెసిఫికేషన్లలో డీడీఆర్ అనే మాటకి ముందు ఎల్, పీ అనే రెండు అక్షరాలు కనిపిస్తే, మన బడ్జెట్ ల్యాప్‌టాప్‌లలో అది అతికించిన మెమరీయే, ఇంక వెతకక్కర్లేదు. ఒట్టి డీడీఆర్4, డీడీఆర్5 అని ఉంటే స్లాట్ ఉందని అప్పుడే నమ్మొద్దు. అదీ అతికించి ఉండొచ్చు. ఇక్కడే అందరూ దెబ్బతింటారు.

తర్వాత, పూర్తి మోడల్ కోడ్ సంపాదించండి. బాక్సు పక్కన స్టిక్కరు మీద, ల్యాప్‌టాప్ అడుగున అక్షరాలూ అంకెలూ కలిసి పొడుగ్గా ఉంటుంది. సిరీస్ పేరుతో వెతకొద్దు. ఒకే సిరీస్ పేరు మీద ఇంటెల్ ఒకటి, రైజెన్ ఒకటి, పోయినేటిది ఒకటి, ఈ ఏటిది ఒకటి అమ్ముతారు. లోపలి బోర్డులు వేరువేరు. యూట్యూబ్‌లో ‘యాభై వేల లోపు బెస్ట్ ఐదు’ వీడియోలు చూసి కొనేవాళ్లు తప్పేది ఇక్కడే. వీడియోలో విప్పి చూపించింది ఒక బోర్డు, మీ ఇంటికి వచ్చేది ఇంకో బోర్డు.

ఆ కోడ్‌తో తయారీదారు సొంత సైట్‌కి వెళ్లండి, అమ్మకపు సైట్‌కి కాదు. లెనోవోకి పీఎస్‌రెఫ్ అనే సైట్ ఉంది, అందులో ‘మెమరీ స్లాట్స్’ అనే వరస చదవండి. హెచ్‌పీకి మెయింటెనెన్స్ అండ్ సర్వీస్ గైడ్, డెల్‌కి సర్వీస్ మాన్యువల్ ఉంటాయి. ర్యామ్ తీసి పెట్టే విధానం బొమ్మలతో ఉందంటే స్లాట్ ఉన్నట్టు. ‘సోల్డర్డ్’, ‘నాట్ అప్‌గ్రేడబుల్’ అనే మాటలు కనిపిస్తే అతికించినట్టు. నేను ఈ కాగితం చూడకుండా ఇంతవరకూ ఒక్కరికీ కొనమని చెప్పలేదు.

షాపులో డెమో మెషీన్ ఆన్ చేసి ఉంటే ఇంకో పరీక్ష ఉంది. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. పర్ఫార్మెన్స్‌లో మెమరీ మీద క్లిక్ చేయండి. కింద ‘ఫామ్ ఫ్యాక్టర్’ అని ఉంటుంది. ఎదురుగా ‘రో ఆఫ్ చిప్స్’ అని ఉంటే అతికించింది, ‘ఎస్‌ఓడిమ్’ అని ఉంటే సాధారణంగా స్లాట్‌లోది. పైనున్న ‘స్లాట్స్ యూజ్డ్’ అంకెని మాత్రం నమ్మకండి, అతికించిన చిప్‌లను కూడా అది స్లాట్ల కింద లెక్కేస్తుంది.

సేల్స్‌మన్ “పెంచుకోవచ్చు” అంటే ఏది పెంచుకోవచ్చో తేల్చి అడగండి. ఎస్‌ఎస్‌డీ గురించి చెప్పిన మాటని ర్యామ్ గురించి అనుకుని ఇంటికొచ్చినవాళ్లు నాకు చాలామంది తెలుసు.

ధర గురించి ఒక మాట. ముందు 8 తీసుకోండి, తర్వాత చౌకగా ఇంకో 8 వేసుకోవచ్చు అని నేనే చాలా ఏళ్లు చెప్పాను. 2025 చివర్నుంచి మెమరీ ధరలు బాగా పెరిగాయి కాబట్టి ఇప్పుడు లెక్క వేసుకోవాలి. అదే మోడల్‌లో 8కీ 16కీ తేడా ఎంత, విడిగా ర్యామ్ స్టిక్ ధరెంత అని రెండూ కనుక్కోండి. తేడా తక్కువైతే 16దే తీసుకోండి. స్లాట్ ఉందా లేదా అన్నది అప్పుడు కూడా చూడాల్సిందే.

తర్వాత వేయించేటప్పుడు డీడీఆర్4 మెషీన్‌కి డీడీఆర్4, డీడీఆర్5కి డీడీఆర్5 తెచ్చుకోండి, గాడి చోటు వేరు, ఒకటి ఇంకోదాంట్లో పట్టదు. వారంటీ ఉన్నన్నాళ్లు సొంతంగా విప్పకుండా ఆథరైజ్డ్ సర్వీస్ సెంటర్‌లో వేయించండి.

గ్రాఫిక్స్ కార్డు అడిగే పిల్లల కోసం

“ఏఐ సబ్జెక్టు ఉంది కదా, గేమింగ్ ల్యాప్‌టాప్ కావాలి” అని ఇంట్లో పట్టుబడతారు. ఈ బడ్జెట్‌లో వచ్చేది 4 జీబీ మెమరీ ఉన్న కార్డు. కాస్త పెద్ద మోడల్ ట్రెయిన్ చేయబోతే ఆ 4 జీబీ నిండిపోయి ఆగిపోతుంది. గూగుల్ కోల్యాబ్, కాగుల్ అనే రెండు సైట్లలోనూ అంతకంటే పెద్ద జీపీయూ, అంటే గ్రాఫిక్స్ చిప్, ఉచితంగా, కొంత పరిమితితో దొరుకుతుంది. మా పిల్లలు డీప్ లెర్నింగ్ ప్రాజెక్టులన్నీ అక్కడే చేస్తారు. గేమింగ్ ల్యాప్‌టాప్ ఛార్జర్‌తో కలిపి దాదాపు మూడు కిలోలు, ఛార్జింగ్ చూస్తే మధ్యాహ్నం క్లాసుకే అయిపోతుంది. ఆ డబ్బు ర్యామ్ మీద పెట్టండి.

పాతది కొనాలంటే

సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్, అందరూ సీటీసీ అంటారు, అక్కడ ఆఫీసుల్లో వాడి తీసేసిన థింక్‌ప్యాడ్లు, లాటిట్యూడ్లు, ఎలైట్‌బుక్‌లు దొరుకుతాయి. ముప్పై వేలలోపు కొత్తదానికంటే ఇవే నయం, నా మట్టుకు సందేహం లేదు. కీబోర్డు గట్టిగా ఉంటుంది, విప్పడం సులువు.

ఇంటెల్ ఎనిమిదో తరానికి తగ్గకూడదు. అంతకు ముందువి విండోస్ 11 జాబితాలో దాదాపు లేవు, విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఆరో తరం ఐ5 ఇంకా అమ్ముతున్నారు, చౌకగా ఉందని తీసుకోకండి. ర్యామ్ సూత్రం ఇక్కడా అంతే. థింక్‌ప్యాడ్ టీ480లో రెండు స్లాట్లున్నాయి. మరుసటి ఏడు వచ్చిన టీ490లో సగం అతికించి ఒకటే స్లాట్ ఇచ్చారు. ఎక్స్1 కార్బన్ ఎంత ముచ్చటగా ఉన్నా మొత్తం అతికించిందే. కొత్త మోడల్ కదా అని ఎక్కువ డబ్బు పెట్టే ముందు ఇది గుర్తుంచుకోండి.

కొనేముందు రీస్టార్ట్ చేసి బయోస్‌లోకి (విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగులు) వెళ్లండి. పాస్‌వర్డ్ అడిగితే అక్కడే తిరిగిచ్చేయండి. తర్వాత విండోస్‌లో బ్యాటరీ రిపోర్ట్ తీయించి, డిజైన్ కెపాసిటీ, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ అనే రెండు అంకెలు పోల్చండి. సగానికి పడిపోతే కొత్త బ్యాటరీ ఖరీదు ధరలో తగ్గించమనండి.

కొనే రోజు

షాపులోనే బాక్సు తెరిపించండి. ఆన్ చేసి తెల్లని, నల్లని బొమ్మలు నిండుగా పెట్టి స్క్రీన్ మీద చుక్కలున్నాయేమో చూడండి. అన్ని కీలూ నొక్కండి. టాస్క్ మేనేజర్ పరీక్ష ఇంకోసారి చేయండి, డెమోలో చూసిందీ చేతికిచ్చిందీ ఒకటే అని అనుకోవద్దు. బాక్సు మీది మోడల్ కోడ్, ల్యాప్‌టాప్ అడుగున కోడ్, జీఎస్టీ బిల్లు మీది కోడ్ మూడూ అక్షరం అక్షరం సరిపోవాలి. బిల్లు మీద సిరీస్ పేరు మాత్రమే రాసి ఉంటే కోడ్, సీరియల్ నంబరు వేసి మళ్లీ ప్రింట్ ఇమ్మనండి. ఆ బిల్లు ఫొటో ఇంట్లో ఇద్దరి ఫోన్లలో ఉంచుకోండి.