వార్ గేమ్‌లో పారాట్రూపర్లను దించాలంటే ఎన్ని విమానాలు కావాలి? లెక్క వేసే పద్ధతి

బెంగళూరు మారతహళ్లిలో ఆదివారాలు మేం ఆడే వార్ గేమ్ (యుద్ధాన్ని అనుకరించే ఆట) టేబుల్ దగ్గర (సగం మంది గుంటూరు, నెల్లూరు వైపు వాళ్లే) కొత్తగా వచ్చినవాళ్లు తప్పకుండా అడిగే ప్రశ్న ఇది: "అన్నా, ఒక బెటాలియన్‌ని దించడానికి ఎన్ని విమానాలు పక్కన పెట్టాలి?" (బెటాలియన్ అంటే కొన్ని వందల మంది సైనికుల దళం.) మామూలుగా అందరూ మనుషుల సంఖ్యని సీట్ల సంఖ్యతో భాగించి వచ్చిన అంకె రాసేసుకుంటారు. ఆ అంకెతో దాడికి వెళ్తే బలగంలో కొంత భాగం ఎయిర్‌ఫీల్డ్‌లోనే మిగిలిపోతుంది, అది కూడా మీకు బాగా అవసరమైన భాగమే అవుతుంది. నా దృష్టిలో ఈ లెక్క తేల్చాల్సిన అసలు సంగతి మొదటి ట్రిప్పులో ఎవరు దిగుతారన్నది. కంప్యూటర్ గేమైనా, బోర్డు గేమైనా పద్ధతి ఇదే, అంకెలు మాత్రం మీ రూల్ బుక్‌లోవి వేసుకోండి.

1. సీట్లు కాదు, దూకేవాళ్ల సంఖ్య చూడండి

విమానంలో కూర్చుని వెళ్లి దిగేవాళ్లు వేరు, పారాచ్యూట్‌తో దూకేవాళ్లు వేరు. సీ-130జే రవాణా విమానం పొడవు రకంలో 128 మంది సైనికులు ప్రయాణం చేయగలరు కానీ దూకడానికైతే 92 మందే. మన వాయుసేన ఏఎన్-32లో దూకేవాళ్లు 42 మంది. రెండో ప్రపంచ యుద్ధం గేమ్ ఆడుతుంటే సీ-47 డకోటాలో 28 మంది కూర్చోవచ్చు, పూర్తి కిట్‌తో దూకించేటప్పుడు మాత్రం 15 నుంచి 18 మందినే ఎక్కించేవాళ్లు. గేమ్‌లో రెండు అంకెలూ ఇచ్చి ఉంటే చిన్నదే తీసుకోండి.

2. కంపెనీల వారీగా భాగించండి

ఒక ఉదాహరణ చూద్దాం. బెటాలియన్‌లో 600 మంది, నాలుగు కంపెనీలు (బెటాలియన్‌లోని చిన్న దళాలు) ఒక్కోదానిలో 120, హెడ్‌క్వార్టర్స్, సపోర్ట్ వాళ్లు కలిపి ఇంకో 120. విమానానికి 18 మంది. మొత్తాన్ని ఒకేసారి భాగిస్తే 34 విమానాలు వస్తాయి. కానీ ఒక్కో 120 మందికి విడిగా వేస్తే 6.67, అంటే 7 విమానాలు, ఐదు గుంపులకి 35. ఆ ఒక్కటీ ఎక్కువైనా నేను కంపెనీల వారీ లెక్కకే ఓటేస్తాను, ఎందుకంటే కంపెనీ ఒకే వరసలో ఎగిరితే ఒకేచోట దిగుతుంది. రెండు కంపెనీల వాళ్లు ఒకే విమానంలో కలిసిపోతే కింద ఎవరు ఎవరితో ఉన్నారో వెతుక్కోవడానికే ఒక టర్న్ (ఆటలో మీ వంతు) పోతుంది. మోర్టార్ (చిన్న ఫిరంగి) ఒక విమానంలో, దాన్ని పేల్చేవాళ్లు ఇంకో విమానంలో ఎప్పుడూ పెట్టకండి.

3. బరువు లెక్క

తిండి, మందుగుండు, రేడియోలు, మోర్టార్లు అన్నీ కలిపి 12,000 కేజీలు అనుకుందాం, విమానం మోసేది 2,300 కేజీలు. భాగిస్తే 5.2, అంటే 6 విమానాలు. 35కి 6 కలిపితే 41.

ఇక్కడ కొంత మిగుల్చుకోవచ్చు. ఐదు గుంపుల్లో ఒక్కోదానికి 6 సీట్ల చొప్పున మొత్తం 30 ఖాళీగా ఉన్నాయి. కిట్‌తో కలిపి మనిషికి 125 కేజీలు వేసుకుంటే 3,750 కేజీల చోటు. మనుషులున్న విమానంలో సామాను కూడా వేయొచ్చని మీ గేమ్ ఒప్పుకుంటే విడిగా మోయాల్సింది 8,250 కేజీలే, దానికి 4 విమానాలు చాలు. మొత్తం 39.

విమానాలు రకరకాలుగా ఉంటే ప్రతి రకానికీ ఈ లెక్క విడిగా వేయాలి, సగటు తీయకూడదు. 1971 డిసెంబర్ 11న ఇప్పటి బంగ్లాదేశ్‌లోని టంగైల్ దగ్గర పూంగ్లీ వంతెన పట్టుకోవడం కోసం మన 2 పారా బెటాలియన్‌ని దించినప్పుడు ఏఎన్-12, ప్యాకెట్, కారిబూ, డకోటా అనే నాలుగు రకాల విమానాలు కలిపి వాడారు. ఆ యుద్ధం ఆడాలంటే కాగితం మీద నాలుగు వరసలు గీసుకోవాల్సిందే.

4. నష్టాలు, రిపేర్లు

దారిలో 10 శాతం పోతాయనుకుంటే 39ని 0.9తో భాగించండి, 43.3 వస్తుంది, అంటే 44 సార్టీలు (ఒక విమానం ఒకసారి ఎగిరి వెళ్లడం ఒక సార్టీ). 39కి పది శాతం కలిపితే 42.9, అంటే 43తో సరిపోతుందని కొందరు వాదిస్తారు, కానీ 43 పంపితే చేరేది 38.7 మాత్రమే. తర్వాత రిపేర్ సంగతి. స్క్వాడ్రన్‌లో (విమానాల దళంలో) ఉన్నవాటిలో 80 శాతమే ఆ రోజు ఎగరగలిగితే 44ని 0.8తో భాగించాలి. 55 విమానాలు. 34తో మొదలుపెట్టి ఎక్కడికొచ్చామో చూడండి.

5. అన్ని విమానాలు లేకపోతే

ఎప్పుడూ ఉండవు. 30 ఉన్నాయనుకుందాం. ఎగిరేవి 24, మొదటి ట్రిప్పులో 3 పోతే రెండోదానికి 21, కలిపి 45 సార్టీలు. కావాల్సింది 44 కాబట్టి సరిపోయింది. అయితే రెండో ట్రిప్పు ఎప్పుడు? 300 కిలోమీటర్ల దూరం, గంటకి 250 వేగం అంటే పోయిరావడానికే దాదాపు రెండున్నర గంటలు, ఆపైన ఇంధనం, లోడింగ్, గాల్లో గుమిగూడే టైమ్. వెళ్లిన చోట ఇంధనం దొరకదు కాబట్టి రేంజ్ ఎప్పుడూ రానూపోనూ చూసుకోవాలి.

ఈ మధ్యలో పోయే టైమే దాడుల్ని దెబ్బతీస్తుంది. 1941 మే 20న గ్రీస్ దీవి క్రీట్ మీద జర్మన్లు దాదాపు 500 యూ-52 రవాణా విమానాలతో పొద్దున ఒక దఫా, మధ్యాహ్నం ఒక దఫా వేద్దామనుకున్నారు. గ్రీస్ ఎయిర్‌ఫీల్డ్‌లలో దుమ్ము లేచి, ఇంధనం చేత్తో నింపాల్సి వచ్చి, రెండో దఫా ఆలస్యంగా, ముక్కలు ముక్కలుగా చేరింది. 1944 సెప్టెంబర్ 17న మొదలైన మార్కెట్ గార్డెన్‌లో (నెదర్లాండ్స్‌లో మిత్రదేశాల పారాట్రూపర్ దాడి) విమానాలు చాలక రోజుకి ఒకే ట్రిప్పు అనుకున్నారు. దాంతో అక్కడి ఆర్న్‌హెమ్ పట్టణం దగ్గర మొదట దిగినవాళ్లలో చాలామంది వంతెన వైపు పోకుండా మర్నాడు వచ్చేవాళ్ల కోసం దిగే మైదానాలకి కాపలా కాయాల్సి వచ్చింది. మర్నాడేమో ఇంగ్లండ్‌లో పొగమంచు, ఆ ట్రిప్పు గంటల తరబడి ఆలస్యమైంది.

కాబట్టి రెండు ట్రిప్పుల ప్లాన్ వేస్తే మొదటి 24 విమానాల్లో ఎవరుండాలో ముందే రాసుకోండి. నేనైతే మూడు కంపెనీలకి 21, మిగతా 3లో ఒకటి మోర్టార్లు, వాటి మనుషులకి, రెండు మందుగుండుకి ఇస్తాను. హెడ్‌క్వార్టర్స్ నుంచి కమాండర్, రేడియో వాళ్లని ఆ మూడు కంపెనీల ఖాళీ సీట్లలో సర్దుతాను. అలా చేస్తే ఆ సీట్లలో వేద్దామనుకున్న సామాను కొంత రెండో ట్రిప్పుకి పోతుంది, ఆ లెక్క మళ్లీ సరిచూసుకోవాలి. నాలుగో కంపెనీ తర్వాతే. మూడు కంపెనీల్లో ఒకటి మైదానం కాపలాకి పోతుంది, అంటే లక్ష్యం మీదకి వెళ్లేది రెండే. ఆ రెండింటితో పని అవదనిపిస్తే రెండో ట్రిప్పు మీద ఆశ పెట్టుకోకుండా చిన్న లక్ష్యం ఎంచుకోండి, లేదా దాడి ఒక టర్న్ ఆపి విమానాలు పోగేయండి.

దించిన మర్నాటి నుంచి వాళ్లకి సరఫరా కూడా ఈ విమానాలే మోయాలి. రోజుకి 4,000 కేజీలు కావాలంటే విమానాలు రెండు, నష్టం, రిపేర్ కలిపితే మూడు. మీ సొంత దళాలు అక్కడికి చేరేదాకా ఆ మూడింటినీ ఇంకే పనికీ వాడకండి.