ఆటిజం ఉన్న బిడ్డ: తిరుపతి, చిత్తూరు తల్లిదండ్రులు ఎక్కడ మొదలుపెట్టాలి

రెండేళ్ళు దాటినా బిడ్డకు మాట రాకపోతే మన ఇళ్ళలో మొదట వినిపించేది ‘వాళ్ళ నాయనకూ మూడేళ్ళకు గానీ మాటలు రాలేదు’ అని. ఆ తర్వాత వస నాకించడం, తాయెత్తు కట్టించడం, కొండకు మొక్కుకోవడం. మొక్కుకోండి, తప్పేమీ లేదు. మొక్కు తీరేదాకా పరీక్షలు ఆపితేనే నష్టం. మాట ఆలస్యం కంటే ముందు పట్టించుకోవాల్సిన ఆటిజం సూచనలు కొన్ని ఉన్నాయి: ఏడాది నిండినా పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోవడం, ఏడాదిన్నరకు కూడా కావలసినదాన్ని వేలు పెట్టి చూపకపోవడం, నీళ్ళు కావాలంటే మన చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి బిందె మీద పెట్టడం, వచ్చిన నాలుగు మాటలూ పోవడం. ఈ చివరిది కనిపిస్తే వారం కూడా ఆగొద్దు.

ఆటిజం అనుమానం ఉందో లేదో చూడడానికి 16 నుంచి 30 నెలల పిల్లలకు ఎం-చాట్ అనే 20 ప్రశ్నల పట్టిక ఉంది. అవును, కాదు అని జవాబులు పెడితే చాలు. మార్కులు 3 నుంచి 7 మధ్య వస్తే డాక్టరు మళ్ళీ వివరంగా అడగాలి. 8 గానీ అంతకు మించి గానీ వస్తే నేరుగా పూర్తి పరీక్షకు వెళ్ళాలి. ఇది జల్లెడ లాంటిది. జల్లెడలో పడ్డంత మాత్రాన ఆటిజం ఉన్నట్టు తేలిపోదు.

డాక్టరు దగ్గర మొదట అడగాల్సింది వినికిడి పరీక్ష. పిలిస్తే పలకని బిడ్డకు చెవులు వినిపిస్తున్నాయో లేదో తేలకుండా ఆటిజం అని రాసేస్తే ఒప్పుకోవద్దు. బెరా అనే వినికిడి పరీక్షను బిడ్డ నిద్రలో ఉండగా చేస్తారు. ఆ రోజు తెల్లవారుజామునే లేపండి, దారిలో బస్సులో కునుకు తీయనివ్వకండి. చాలామంది ఇక్కడే దెబ్బ తింటారు: దారంతా నిద్రపోయిన బిడ్డ పరీక్ష గదిలో కళ్ళు విప్పుకుని కూర్చుంటే ఇంకో రోజు రమ్మంటారు.

తిరుపతి వాళ్ళకు రుయా ఆసుపత్రిలో పిల్లల విభాగం, మానసిక వైద్య విభాగం రెండూ ఉన్నాయి. చిత్తూరు వాళ్ళు జిల్లా ప్రభుత్వాసుపత్రిలో మొదలుపెట్టొచ్చు. పిల్లల ఎదుగుదల లోపాలు చూసే డీఈఐసీ కేంద్రానికి రాసిమ్మని అడగండి. లోతుగా చూపించుకోవాలంటే చిత్తూరు నుంచి వేలూరు దగ్గర. అక్కడి క్రిస్టియన్ మెడికల్ కాలేజీ (సీఎంసీ) ఆసుపత్రికి బాగాయంలో నంబిక్కై నిలయం అనే పిల్లల మానసిక వైద్య విభాగం ఉంది. తల్లో తండ్రో బిడ్డతోపాటు అక్కడే ఉండి నేర్చుకుంటారు. చెన్నై దాటి ముట్టుకాడులో ఒకటి, సికింద్రాబాదులో ఒకటి కేంద్ర ప్రభుత్వ సంస్థలు ఉన్నాయి.

ఇక ఫోను సంగతి. సెల్ ఎక్కువ చూపించడం వల్లే ఇలా అయిందని తల్లిని నిందించని చుట్టం ఉండరు. ఫోను తగ్గిస్తే బిడ్డతో గడిపే గంటలు మిగులుతాయి, కాబట్టి తగ్గించండి. కానీ ఆటిజం ఫోను వల్ల వచ్చేది కాదు, పుట్టుకతో, మెదడు ఎదిగే తీరుతో ముడిపడింది. ‘మూడు నెలలు ఫోను మానిపించి చూద్దాం’ అని డాక్టరు దగ్గరికి పోకుండా ఆగితే పోయేది ఆ మూడు నెలలే. టీకాల మీద ఉన్న అనుమానమూ ఇలాంటిదే. దాన్ని లేపిన 1998 నాటి వ్యాసాన్ని అచ్చువేసిన పత్రికే 2010లో వెనక్కి తీసుకుంది.

థెరపీ సెంటరును ఎంచుకునేటప్పుడు

స్పీచ్ థెరపిస్టుకైనా, స్పెషల్ ఎడ్యుకేటరుకైనా ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. అడిగితే చూపించాలి. తలుపు వేసుకుని, తల్లిదండ్రులను బయట కూర్చోబెట్టి, ‘బాగా చేశాడమ్మా’ అని పంపేసే చోట డబ్బు కట్టొద్దు. ఆ ముప్పావు గంట మీకు నేర్పడానికి. మిగతా పన్నెండు గంటలూ బిడ్డ మీ దగ్గరే ఉంటాడు, అసలు పని జరిగేది అక్కడే. ఏం సాధించాలో కాగితం మీద రాయించుకోండి. ‘మాటలు మెరుగుపడాలి’ అని రాస్తే చాలదు. ‘మూడు నెలల్లో రోజుకు 10 సార్లు తనంతట తాను అడగాలి’ అని ఉండాలి. ఆరు నెలల ప్యాకేజీ ముందే కట్టమన్నా, నయం చేస్తామని మాటిచ్చినా, కట్టేయడం, కొట్టడం లాంటివి కనిపించినా అక్కడి నుంచి లేచి వచ్చేయండి. మూలకణాల (స్టెమ్ సెల్) చికిత్సను ఆటిజానికి సిఫార్సు చేయబోమని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే చెప్పింది. డాక్టరు రాసే మందులు విపరీతమైన కోపానికో, నిద్రకో, మూర్ఛకో తప్ప ఆటిజానికి కావు.

ఇంట్లో తెలుగు మాట్లాడితే బిడ్డ గందరగోళపడతాడు, ఒక్క ఇంగ్లీషే మాట్లాడండి అని చెప్పేవాళ్ళు ఊళ్ళో ఇంకా ఉన్నారు. దీనికి ఆధారం లేదు. మీకు ఏ భాషలో లాలించడం వచ్చో ఆ భాషలోనే మాట్లాడండి, అది తమిళమైనా, ఉర్దూ అయినా.

అడగడం నేర్పడం

మాట కంటే ముందు నేర్పాల్సింది అడగడం. వేలితో చూపినా, బొమ్మ తెచ్చి ఇచ్చినా అడిగినట్టే. ఒక మురుకు తీసుకోండి. పది ముక్కలు చేస్తే అడగడానికి పది అవకాశాలు. ఒక ముక్కను మీ ముఖం పక్కన, బిడ్డ కంటికి ఆనేటట్టు పట్టుకోండి. ‘మురుకు’ అని ఒక్కసారి అనండి. మనసులో ఐదు లెక్కపెట్టండి. చూపు మీ వైపు తిప్పినా, చెయ్యి చాచినా, ‘ము’ అన్నా వెంటనే ఇచ్చేయండి, ఇస్తూ ఇంకోసారి ‘మురుకు’ అనండి. పొగడ్తలు తర్వాత. ముందు ముక్క చేతికి రావాలి.

తప్పు ఎక్కువగా ఆ ఐదు లెక్కల్లోనే జరుగుతుంది. ‘చెప్పు నాన్నా, ఏం కావాలి, చెప్పు, మురుకు అను’ అని అవ్వ, తాత, అత్త కలిసి గుక్కతిప్పుకోకుండా అంటే బిడ్డకు అవి మాటలు కావు, మోత. రెండో తప్పు, ఏడ్చేదాకా ఇవ్వకుండా ఆపడం. ఏడిస్తే దొరుకుతుందని బిడ్డ నేర్చుకునేది అప్పుడే. మూడోది, అడగకముందే అన్నీ అందించడం. ఇది ప్రేమకొద్దీ చేసేది కాబట్టి మానడం కష్టం. బిస్కెట్ల డబ్బాను బిడ్డకు కనిపించేలా, చేతికి అందని ఎత్తులో పెట్టండి. మూత గట్టిగా బిగించండి. మీ దగ్గరికి రావడానికి ఒక కారణం దొరుకుతుంది.

బొమ్మల కార్డులకు బజారులో దొరికే చార్టులు వద్దు. అందులోని గాజు గ్లాసు మీ ఇంట్లో ఉండదు. మీ ఇంటి స్టీలు గ్లాసును, మీ బాత్రూము తలుపును ఫోనుతో ఫొటో తీసి, రెండంగుళాల చదరంలో ప్రింటు వేయించి, జిరాక్సు షాపులో లామినేషన్ చేయించండి. వెనక వెల్క్రో ముక్క అంటించి ఫ్రిజ్ పక్కన ఒక అట్ట మీద పెట్టండి. మొదట రెండు కార్డులే. కార్డు తెచ్చి మీ చేతిలో పెట్టడం వచ్చాక మూడోది. కార్డులు అలవాటైతే మాట రాదన్న భయం పెట్టుకోవద్దు. అడిగితే దొరుకుతుందని తెలిసిన బిడ్డే మాటకూ ప్రయత్నిస్తాడు.

నోటుబుక్కు

ఉన్నట్టుండి చెవులు మూసుకుని కేకలు పెట్టడం, తల గోడకు కొట్టుకోవడం మొండితనం కాదు. ఆ సమయంలో మాటలు తగ్గించండి, టీవీ, మిక్సీ ఆపండి, తల కింద దిండు పెట్టండి, పక్కన ఉండండి. బోధనలు తర్వాత. ఆ రాత్రే నోటుబుక్కులో నాలుగు గడుల్లో రాయండి: ఎన్ని గంటలకు, దానికి ముందు ఏం జరిగింది, బిడ్డ ఏం చేశాడు, తర్వాత మీరేం చేశారు. పది రోజుల్లో దారి కనిపిస్తుంది. రోజూ సాయంత్రం ఐదున్నరకే అవుతుంటే ఆకలో, కుక్కరు కూతో, అన్న బడినుంచి వచ్చి పెట్టే టీవీనో అయ్యుంటుంది. కారణం దొరికితే కుక్కరు ముందే పెట్టుకోవచ్చు.

ఎప్పుడూ లేనిది కొత్తగా కొట్టుకోవడం మొదలైతే ముందు పళ్ళు, చెవులు, మలబద్ధకం చూపించండి. నొప్పి అని చెప్పలేని బిడ్డ చెప్పే తీరు అదే. పాలు తప్ప ఏదీ ముట్టని పిల్లల్లో మలబద్ధకం, రక్తహీనత రెండూ కలిసి రావచ్చు.

కల్యాణకట్టకు ముందు మూడు వారాలు

ఈ ప్రాంతంలో ఏ బిడ్డకైనా తలనీలాలు తప్పవు. తలమీద చన్నీళ్ళు, గీసే కత్తి, చుట్టూ వరుసల్లో ఏడ్చే పిల్లలు, చివర్న చల్లటి గంధం. ఇవన్నీ ఒక్క పావుగంటలో మీద పడితే ఎవరికైనా బెదురే. మొదటి వారం రోజూ స్నానంలో ఒడిలో కూర్చోబెట్టుకుని తలమీద మగ్గుతో నీళ్ళు పోస్తూ పది లెక్కపెట్టండి. పది అనగానే ఆపేయాలి, ఒక్కసారి కూడా మాట తప్పొద్దు. రెండో వారం తడి తలమీద చెంచా వెనక వైపుతో నుదుటి నుంచి మెడదాకా గీయండి, అదే లెక్కతో. ఆఖర్న కాస్త గంధం. మూడో వారం ఐదు ఫొటోలు ఒక వరుసలో అంటించి రోజూ చూపించండి: బస్సు, కొండ, తల తడపడం, గుండు, గంధం. గుండు చేయించుకున్న అన్నదో నాన్నదో ఫొటో ఉంటే మరీ మంచిది.

శని, ఆదివారాలు వద్దు. పెద్ద కల్యాణకట్ట బదులు కొండమీద చిన్న కల్యాణకట్టలు ఉన్నాయి, అక్కడ మోత తక్కువ. కత్తి ఎత్తకముందే క్షురకుడికి చెప్పండి: తాకేముందు చెప్పి తాకమని, మీరు లెక్కపెట్టేటప్పుడు ఆగమని. ట్రిమ్మరు నొప్పి లేదు కదా అనుకుంటారు గానీ ఆ వణుకు కొందరు పిల్లలకు కత్తికంటే దుర్భరం. తల విసురుతుంటే బలవంతంగా పట్టుకోవద్దు, తెగుతుంది. ఇంటి పెద్దలతో ముందే మాట్లాడుకుని మూడు కత్తెర్లతో సరిపెట్టుకుని వచ్చేయొచ్చు. గంగమ్మ జాతర డప్పులకూ ఇదే పద్ధతి: వీడియోలో తక్కువ శబ్దంతో మొదలు, చెవులకు శబ్దం తగ్గించే మఫ్స్, వీధి చివర నిలబడి ఐదు నిమిషాలు.

గుంపులో బిడ్డ చెయ్యి విడిచిపెట్టి పోయే అలవాటుంటే ఫోను నంబరు చెప్పుల్లో రాయొద్దు, చెప్పులు గుడి బయటే ఉంటాయి. మొలతాడుకు నంబరు చెక్కించిన చిన్న స్టీలు బిళ్ళ కట్టండి. తప్పిపోతే ముందు నీళ్ళున్న వైపు వెతకండి, పుష్కరిణి, బావి, చెరువు. ఈ పిల్లల్లో చాలామందికి నీళ్ళంటే లాగుడు. వెతుకుతూనే 112కు ఫోన్ చేయండి.

కాగితాలు

వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్టుకు స్లాటు సచివాలయంలోనో మీసేవలోనో దొరుకుతుంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో ఉన్న 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. మెడికల్ బోర్డులో ఇసా అనే కొలమానం వాడతారు: 40 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5 దాకా మార్కులు, 70కి తగ్గితే ఆటిజం లెక్కలోకి రాదు. ఆ పది నిమిషాల్లో బిడ్డ బుద్ధిగా కూర్చుంటే మార్కులు తగ్గుతాయి. ఇంట్లో తీసిన రెండేసి నిమిషాల వీడియోలు నాలుగు, పాత రిపోర్టులు, నోటుబుక్కు వెంట తీసుకెళ్ళండి. పని ఎక్కువగా ఆగేది పేరు దగ్గర: ఆధార్‌లో ఒక స్పెల్లింగు, జనన ధ్రువీకరణలో ఇంకోటి ఉంటుంది. ముందు అది సరిచేయించుకోండి. 2022 ఏప్రిల్‌లో తిరుపతి వేరే జిల్లా అయింది కాబట్టి పాత కాగితాల్లో చిత్తూరు జిల్లా అని ఉంటే చిరునామా కూడా చూసుకోండి.

వైకల్యం 40 శాతం, ఆపైన ఉంటే అర్హత ఉన్న ఇళ్ళకు ఎన్టీఆర్ భరోసా పింఛను నెలకు 6,000 రూపాయలు. కేంద్ర ప్రభుత్వ సంస్థ అయిన నేషనల్ ట్రస్టువారి నిరామయ ఆరోగ్య బీమా ఏడాదికి లక్ష రూపాయల దాకా, థెరపీ ఖర్చుకూ కొంత వస్తుంది. ఏటా రెన్యూవల్ మరిచిపోవద్దు. బిడ్డకు 18 నిండితే చట్టం దృష్టిలో మీరు సంరక్షకులు కారు. సంరక్షకులుగా నియమించమని కలెక్టరు ఉండే స్థానిక కమిటీకి దరఖాస్తు పెట్టుకోవాలి.

బడి విషయం సూటిగా: 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ళ దాకా దగ్గర్లోని బడిలో గానీ ప్రత్యేక బడిలో గానీ ఉచితంగా చదివే హక్కు ఉంది. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిపే భవిత కేంద్రం ఎక్కడుందో మండల విద్యాశాఖాధికారి కార్యాలయంలో అడగండి. బడిలో చేర్చుకోబోమని అంటే ఆ మాట రాతపూర్వకంగా ఇమ్మనండి. ఆ కాగితం పట్టుకుని సోమవారం కలెక్టరేటు అర్జీల వేదికకు వెళ్ళండి. నోటిమాటకు అక్కడ విలువ లేదు.

మీ సంగతి

ఇంట్లో ఒక్క మనిషే మోస్తే రెండేళ్ళకు ఆ మనిషి పడిపోతుంది, చాలా ఇళ్ళలో అది తల్లి. అవ్వాతాతలకు ఆటిజం మీద ఉపన్యాసం ఇవ్వకండి, ఒక పని అప్పగించండి: రోజూ సాయంత్రం పది మురుకు ముక్కలు, ఐదు లెక్కలు. బిడ్డకు స్నానం చేయించడం, పడుకోబెట్టడం తండ్రి పని. నిద్రపట్టక, ఏడుపు ఆగక ఇబ్బందిగా ఉంటే 14416 టెలీ మానస్, తెలుగులో మాట్లాడతారు, ఖర్చు లేదు.

నాలుగైదు కుటుంబాలు కలిస్తే చాలు, గుంపు పెద్దది కానక్కర్లేదు. థెరపీ సెంటరు బయట బెంచీ మీద కూర్చునేవాళ్ళే మొదటి సభ్యులు. నెలకో ఆదివారం ఉదయం, ఎండ ముదరకముందే, ఎస్వీ జూ పార్కులాంటి విశాలమైన చోట. పిల్లలందరినీ ఇద్దరు పెద్దవాళ్ళు చూసుకుంటే మిగతావాళ్ళు కూర్చుని మాట్లాడుకోవాలి, వచ్చే నెల వంతు మారాలి. వాట్సాప్ గ్రూపుకు రెండు నియమాలు ముందే పెట్టండి: మందులు, పౌడర్ల ప్రచారం వద్దు, ఒకరి బిడ్డ వీడియో వాళ్ళనడగకుండా బయటికి పంపొద్దు. రెండోది మీరినవాళ్ళను ఆ రోజే గ్రూపులోంచి తీసేయండి.