చిన్న ఏట్లో ట్రౌట్ గాలం: ఎక్కడ మొరాయిస్తోంది, ఎందుకు, ఏం చేయాలి

బందరు కాలువలో ట్రౌట్ చేప ఉండదు, కృష్ణలోనూ ఉండదు. నీళ్లు 10 నుంచి 16 డిగ్రీల మధ్య ఉంటే దానికి హాయి. 20 దాటాయంటే తిండి మీద ధ్యాస తగ్గిపోతుంది. మే నెలలో విజయవాడలో మధ్యాహ్నం పూట డాబా మీద ట్యాంకు నీళ్లతో మొహం కడుక్కున్నవాళ్లకి ఇంతకంటే వివరం అక్కర్లేదు. అందుకే ట్రౌట్ అంటే మనం మున్నార్, నీలగిరుల వైపో, హిమాచల్‌లో తీర్థన్ లోయకో పోవాల్సిందే. ఫ్లై ఫిషింగ్ గేర్ (కొక్కేనికి పురుగులా కట్టిన ‘ఫ్లై’తో వేసే గాలం సామాను) మాత్రం ఇక్కడే కూర్చుని ఆన్‌లైన్‌లో కొంటాం, ఇక్కడి ఎండలోనే పాడుచేసుకుంటాం. ఏటి ఒడ్డుకి చేరాక తప్పు తెలుస్తుంది. అప్పటికి దుకాణం వందల కిలోమీటర్ల దూరంలో ఉంటుంది.

కింద రాసినవన్నీ నాకో, నాతో వచ్చినవాళ్లకో ఎదురైనవే. ఏ సమస్య వచ్చినా ముందు ఒకటి చూడండి: మీ రాడ్ (గాలం కర్ర) కొస దాటి ఎన్ని అడుగుల లైన్ (గాలం దారం) బయట ఉంది? సగం జబ్బులు అక్కడే దొరుకుతాయి.

రాడ్ కర్రలా బిగుసుకుని ఉంది, లైన్ ముందుకు పోవడం లేదు

ఎక్కువమంది గోల ఇదే. ఫ్లై ఫిషింగ్‌లో మనం విసిరేది ఫ్లైని కాదు, లైన్‌ని. ఈకలు, దారం చుట్టిన ఫ్లైకి బరువేం ఉంటుంది? లైన్ బరువుకి రాడ్ వంగాలి, వంగిన రాడ్ తిరిగి లేస్తూ లైన్‌ని ముందుకు తోయాలి. రాడ్ మీద రాసే 3, 4, 5 అంకెలు ఆ బరువు గురించే. 5 నంబరు లైన్‌లో మొదటి 30 అడుగులు 140 గ్రెయిన్లు తూగుతాయి, అంటే దాదాపు 9 గ్రాములు. 3 నంబరుదైతే 100 గ్రెయిన్లు, ఆరున్నర గ్రాములు. ఈ లెక్కంతా 30 అడుగుల లైన్ గాల్లో ఉన్నప్పటి మాట.

చిన్న ఏట్లో చేప ఇరవై అడుగుల దూరంలో ఉంటుంది. అందులో రాడ్ పొడవు, లీడర్ (లైన్ కొసకి కట్టే సన్నని నైలాన్ దారం) పొడవు తీసేస్తే బయట ఉండే లైన్ పదడుగులు కూడా రాదు. 5 నంబరు లైన్ పదడుగులంటే మహా అయితే మూడు గ్రాములు, అంటే కొత్త రూపాయి బిళ్లంత. గట్టి రాడ్‌ని రూపాయి బిళ్లతో వంచమంటే వంగుతుందా?

నా మొదటి రాడ్ సరిగ్గా అదే: 9 అడుగులు, 5 నంబరు, ఫాస్ట్ యాక్షన్, అంటే కొస దగ్గర మాత్రమే వంగే గట్టి రాడ్. అన్నిటికీ పనికొస్తుందని చెప్పి అమ్మారు. వెడల్పాటి నదికి, సరస్సుకి ఆ మాట నిజమే, కాదనను. పొదల మధ్య పారే ఏటికి మాత్రం కాదు.

ఆ రాడ్డే వాడుకోవాలంటే ఒక నంబరు ఎక్కువ లైన్ ఎక్కించండి, 5 రాడ్‌కి 6 లైన్. దగ్గరి విసురుకి ఆ అదనపు బరువు చాలావరకు సర్దేస్తుంది. కొత్తగా కొనేవాళ్లయితే 3 నంబరు, ఏడు లేక ఏడున్నర అడుగులు, కొస దగ్గరే కాకుండా నడుము దాకా మెత్తగా వంగేది చూసుకోండి. ఫైబర్ గ్లాస్ రాడ్లని పాతకాలం సరుకని తీసిపారేస్తారు గానీ, పదడుగుల లైన్‌కి అవి వంగినట్టు ఖరీదైన కార్బన్ రాడ్లు వంగవు. లైన్ కూడా డబుల్ టేపర్, అంటే రెండు కొసలూ ఒకేలా సన్నబడేది, తీసుకోండి. ఒక కొస అరిగిపోతే తిరగేసి రెండో కొస వాడుకోవచ్చు, ఒక ఖర్చుతో రెండు లైన్లు.

ప్రాక్టీస్‌లో బాగా పడుతోంది, ఏటి దగ్గర చెట్టుకి తగులుకుంటోంది

ప్రాక్టీస్ చేసిన చోటు ఖాళీగా ఉంది కాబట్టి. నేను మా వీధి చివర స్కూలు గ్రౌండ్‌లో చేసేవాణ్ణి, కొక్కెం బదులు ఎర్ర ఊలు ముక్క కట్టి. "అంకుల్, గాలిపటం ఏదీ?" అని పిల్లలు వెనకాలే తిరిగేవాళ్లు. అక్కడ వెనక్కి నలభై అడుగుల జాగా ఉంది. కొండ ఏట్లో వెనక్కి నాలుగడుగులు ఉంటే అదృష్టం.

వెనక్కి విసరకుండా ముందుకే పోయే రెండు పద్ధతులు నేర్చుకోండి. ఒకటి రోల్ కాస్ట్: నీళ్ల మీదున్న లైన్‌ని మెల్లగా పక్కకి లాగి, చెవి దగ్గర ఒక క్షణం ఆపి, ముందుకి దొర్లించడం. ఇది నేల మీద సరిగా రాదు, లైన్‌ని పట్టి ఉంచడానికి నీళ్లు కావాలి. కాలువ గట్టున చేయండి. రెండోది ఇంకా తేలిక. ఫ్లైని కొక్కెం వంపు దగ్గర రెండు వేళ్లతో పట్టుకుని, రాడ్‌ని విల్లులా వంచి వదిలేయడమే. మొన వేలివైపు లేకుండా చూసుకోండి, నా చూపుడు వేలి మీద ఆ పాఠం తాలూకు మచ్చ ఇంకా ఉంది.

కాలువ గట్టున ఒక జాగ్రత్త. పైన కరెంటు తీగలుంటే అక్కడ రాడ్ ఎత్తనే ఎత్తొద్దు. కార్బన్ కరెంటుని మోస్తుంది.

ఫ్లై పడగానే నీళ్లకంటే వేగంగా గీత గీసుకుంటూ పోతోంది

ట్రౌట్ రాయి పక్కన నెమ్మది నీళ్లలో నిలబడి ఉంటుంది. మీకూ దానికీ మధ్య నీళ్లు వడిగా పోతుంటాయి. లైన్ ఆ వడిలో పడి ఫ్లైని లాక్కుపోతుంది. నిజం పురుగు అలా పోదు, చేపకి ఆ సంగతి మనకంటే బాగా తెలుసు.

ఇక్కడ బందరు కాలువ గట్టున వెదురు కర్రతో జెల్లలు పట్టే ఒక పెద్దాయన గుర్తొస్తాడు. నా రోల్ కాస్టులన్నీ ఓపిగ్గా చూసి, "అంత దారం నీళ్లలో పోస్తావేంటి బాబూ, చేప కాళ్ల దగ్గరే ఉంటే?" అన్నాడు. ఆయన కర్ర కొస ఎత్తి పట్టుకుంటాడు, దారం గాల్లోనే ఉంటుంది, ఎర ఒక్కటే నీళ్లలో. పరిష్కారం అదే. ఇంకో రెండడుగులు దగ్గరికి వెళ్లి, రాడ్ ఎత్తి, లైన్ నీళ్లకి తగలకుండా లీడర్‌లో కొసభాగం మాత్రమే నీళ్ల మీద ఉంచండి. జపాన్ కొండ ఏళ్లలో టెన్‌కారా అని రీలే లేని పద్ధతి ఉంది, పొడవాటి కర్ర, కొసకి కట్టిన దారం, ఫ్లై, అంతే. పెద్దాయన కర్రకి కొంచెం దూరపు చుట్టం.

చిక్కు ఏంటంటే, ఈ పనికి రాడ్ పొడవుగా ఉంటే మేలు, చెట్ల కింద పొట్టిగా ఉంటే మేలు. రెండూ ఒకేసారి కుదరవు. తీర్థన్‌లో బండరాళ్ల మధ్య తెరిపిగా ఉన్నచోట ఎనిమిది, ఎనిమిదిన్నర అడుగులు బావుంటుంది. పక్కనుంచి వచ్చి కలిసే చిన్న వాగుల్లో ఏడే నయం. ఒక్కటే కొనగలిగితే నా ఓటు ఏడున్నరకి.

లీడర్ చివర ముద్దలా కుప్పపడుతోంది

టిప్పెట్ (లీడర్ చివర ఫ్లై కట్టే సన్నని ముక్క) మరీ సన్నం, ఫ్లై మరీ పెద్దది. నంబరు పెరిగేకొద్దీ ఫ్లై చిన్నది, టిప్పెట్ సన్నం. ఫ్లై నంబరుని మూడుతో భాగిస్తే సుమారుగా సరిపోయే టిప్పెట్ వస్తుంది: 12 నంబరు ఫ్లైకి 4ఎక్స్, 14 లేక 16కి 5ఎక్స్. 5ఎక్స్ అంటే 0.15 మిల్లీమీటరు మందం. మొత్తం లీడర్ ఏడున్నర అడుగులు చాలు.

చేప తగిలింది, తెగిపోయింది

తిట్టుకునే ముందు తెగిన కొసని వేళ్ల మధ్య పట్టుకుని చూడండి. పందిపిల్ల తోకలా చుట్టలు తిరిగి ఉంటే ముడి జారింది. తిన్నగా తెగి ఉంటే దారమే బలహీనపడింది, లేదా రాయికి ఒరుసుకుంది.

ముడి బిగించే ముందు నోట్లో పెట్టి తడపండి. పొడిగా లాగితే రాపిడి వేడికి నైలాన్ అక్కడే దెబ్బతింటుంది. ఇక దారం బలహీనపడ్డానికి మన ఊళ్లో కారణం వెతకనక్కర్లేదు. టిప్పెట్ చుట్టని స్కూటర్ డిక్కీలో వేసి వేసవంతా మర్చిపోయినవాణ్ణి నేనే. ఎండ, వేడి తగలకుండా బీరువాలో పెట్టండి, ప్రయాణానికి ముందు ఒక మూర లాగి చూడండి, అనుమానముంటే కొత్తది కొనండి. గేర్ మొత్తంలో చవకైనది అదే.

లైన్ స్ప్రింగులా చుట్టలు తిరుగుతోంది, చేతికి జిగురుగా ఉంది

చుట్టలు నిల్వ వల్ల. వాడే ముందు ఒకరు కొస పట్టుకుని, ఇంకొకరు మెల్లగా లాగితే సర్దుకుంటుంది. జిగురు మురికి వల్లయితే గోరువెచ్చని నీళ్లు, కాస్త సబ్బు, మెత్తని గుడ్డ చాలు. డీట్ ఉన్న దోమల మందు రాసుకున్న చేత్తో పట్టుకుని ఉంటే మాత్రం లైన్ పై పూత కరుగుతుంది, దానికి మందు లేదు. అరచేతులకి రాసుకోకండి.

రీల్

దీనికి సమస్యే లేదు, డబ్బు తగలేయడం తప్ప. చిన్న ఏటి చేపని లైన్ చేత్తో లాగి తెచ్చుకుంటాం, రీల్ లైన్ దాచుకునే డబ్బా మాత్రమే.

అన్నీ సరిగ్గానే ఉన్నాయి, చేప మాత్రం కనబడగానే మాయం

ఇది గేర్ కాదు, మీరు. ట్రౌట్ ప్రవాహానికి ఎదురుగా ముఖం పెట్టి ఉంటుంది, కాబట్టి దిగువ నుంచి, వంగి, నీడ నీళ్ల మీద పడకుండా రండి. పసుపు టీషర్టు రూమ్‌లో వదిలేయండి.

కాళ్లు జారుతున్నాయి

రాళ్ల మీద పాకుడు ఉంటుంది, చెప్పులతో దిగొద్దు. మెత్తని రబ్బరు అడుగున్న బూట్లు, చేతిలో ఒక కర్ర. తీర్థన్ కిందికి పోయి లార్జీ దగ్గర బియాస్ నదిలో కలుస్తుంది. 2014 జూన్‌లో హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయింది అక్కడికి దగ్గర్లోనే, డ్యామ్ నీళ్లు వదిలినప్పుడు. డ్యామ్ దిగువన నీళ్లలోకి దిగొద్దు, ఏ బూటూ కాపాడదు. హిమాచల్‌లో ట్రౌట్‌కి మత్స్యశాఖ లైసెన్స్ తప్పనిసరి, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వేట బంద్.

రాడ్ ముక్కలు ఊడి రావడం లేదు

మెలితిప్పొద్దు, కార్బన్ చీలుతుంది. ఇద్దరు ఎదురెదురుగా నిలబడండి. అతుకుకి ఇటు మీ ఒక చెయ్యి, అటు ఇంకో చెయ్యి, ఆ పక్కవాళ్లూ అలాగే, నాలుగు చేతులూ ఒకేసారి తిన్నగా లాగండి. ఒంటరిగా ఉంటే అతుకుని మోకాళ్ల వెనక పెట్టి, రాడ్‌ని రెండు చేతులతో అటూ ఇటూ పట్టుకుని మోకాళ్లు వెడల్పు చేయండి. మళ్లీసారి బిగించే ముందు లోపలికి వెళ్లే కొసకి మామూలు కొవ్వొత్తి ఒకసారి రుద్దండి.