పికప్‌లు సెట్‌గా కొనాలా, విడివిడిగా కలపాలా? ముందు మీ స్విచ్ చూడండి

గిటార్ పికప్‌లు, అంటే తీగల ఊపుని కరెంటుగా మార్చే భాగాలు, మార్చాలన్న పురుగు తలలో దూరాక అందరం చేసే మొదటి పని యూట్యూబ్‌లో పోలికల వీడియోలు చూడటం. అది కాసేపు ఆపండి. గిటార్‌ని ఆంప్‌కి తగిలించి రోజూ వాయించేవే ఒక అరగంట వాయించండి, ఏ పికప్ పలకాలో ఎంచే సెలెక్టర్ స్విచ్ ఏ పొజిషన్‌లో ఎంతసేపు ఉంటోందో మాత్రం ఒక కంట కనిపెట్టండి. సగం జవాబు అక్కడే ఉంది. మీ స్విచ్ ఎప్పుడూ ఈ చివరో ఆ చివరో ఉంటే, అంటే లీడ్‌కి బ్రిడ్జ్ (తీగలు గిటార్ ఒంటి మీద ఆనే చోటు) దగ్గరి పికప్, క్లీన్‌గా వాయించేటప్పుడు నెక్ (మెడ) వైపు పికప్, ఇంతే అయితే, ఏ కంపెనీవైనా నచ్చినట్టు కలుపుకోండి, పెద్ద ఇబ్బందేం రాదు. అలా కాకుండా రెండు పికప్‌లు కలిసి పలికే మధ్య పొజిషన్లలోనే మీ కాలక్షేపమంతా అయితే సెట్ కొనడమే మంచిది. లేదంటే కింద చెప్పబోయే తలనొప్పులన్నిటికీ సిద్ధపడి కలపండి.

అసలు 'సెట్' అంటే ఏమిటో చూద్దాం. 6వ తీగని, అంటే అన్నిటికన్నా లావు తీగని, ఎక్కడా నొక్కకుండా గట్టిగా ఒకసారి మీటి పక్కనుంచి చూడండి. ఫ్రెట్‌బోర్డు చివర, నెక్ పికప్ దగ్గర తీగ వెడల్పుగా, మసకగా ఊగుతుంటుంది. బ్రిడ్జ్ దగ్గర కదిలిందా లేదా అన్నట్టు ఉంటుంది. పికప్ అంటే అయస్కాంతం చుట్టూ వేల చుట్లు చుట్టిన వెంట్రుకంత రాగి వైరు, తీగ ఎంత ఊగితే అంత కరెంటు పుడుతుంది. కాబట్టి ఒకే రకం పికప్‌ని రెండు చోట్లా పెడితే నెక్ మోతగా, బొద్దుగా, బ్రిడ్జ్ సన్నగా, పీలగా వినిపిస్తాయి. సెట్ తయారుచేసేవాళ్లు చేసేది ఈ తేడాని పూడ్చడం. బ్రిడ్జ్‌కి కాస్త ఎక్కువ చుట్లు, నెక్‌కి కాస్త తక్కువ, పోల్స్ (ఒక్కో తీగ కింద ఉండే లోహపు ముక్కలు) మధ్య దూరం దేనికది సరిపోయేలా, రెండూ కలిసినప్పుడు ఒకదానికొకటి అడ్డం రాకుండా. అంతకుమించి జాతకాలేవీ కలిపి పంపరు.

నిజానికి మనం ఇప్పుడు ఆకాశానికెత్తే పాత గిటార్లలో ఈ సెట్ అనే ముచ్చటే లేదు. సెత్ లవర్ అనే ఇంజనీర్ 1955లో గిబ్సన్ గిటార్ కంపెనీ కోసం హంబకర్ (గుయ్‌మనే హమ్ తగ్గేలా రెండు కాయిల్స్ కలిపిన పికప్) తయారుచేశాడు, 1957 నుంచి అవి గిటార్లలోకి వచ్చాయి. వెనకాల 'పేటెంట్ అప్లైడ్ ఫర్' అన్న స్టిక్కర్ ఉండే ఆ పికప్‌లలో నెక్‌కి వేరు, బ్రిడ్జ్‌కి వేరు అంటూ ఏమీ లేదు. చుట్లు కూడా ఒక్కోదానికి ఒక్కోలా ఉండేవి, చేతికి ఏది వస్తే అది బిగించేవాళ్లు. ఇంకో వైపు చూస్తే, సీమోర్ డంకన్ అనే పికప్ కంపెనీ వాళ్లు సెట్‌గా అమ్మే పేరున్న జంట బ్రిడ్జ్‌లో జేబీ, నెక్‌లో జాజ్. అవి రెండూ పూర్తిగా వేరు మోడళ్లు! అంటే సెట్ అన్నదీ ఒక రకం మిక్సే, కాకపోతే కలిపే పని మన బదులు వాళ్లు చేసిపెట్టారు.

ఆ జంటలోనే ఇంకో పాఠం ఉంది. జేబీ డీసీ రెసిస్టెన్స్ (కాయిల్ వైరు కరెంటుకి ఇచ్చే నిరోధం) 16 కిలో ఓమ్స్ పైన, జాజ్‌ది 8 లోపు. అంకెలు మాత్రమే చూస్తే ఒకటి రెండోదానికి రెండింతలు మోగుతుందనిపిస్తుంది. అలా ఏమీ ఉండదు. జేబీలో వాడే వైరు మరీ సన్నం, సన్నటి వైరుకి రెసిస్టెన్స్ ఎక్కువే వస్తుంది. అందుకే వెబ్‌సైట్‌లో కిలో ఓమ్స్ చూసి రెండు కంపెనీల పికప్‌లు పోల్చకండి. ఒకే వైరు, ఒకే రకం అయస్కాంతం, ఒకే తరహా నిర్మాణం అయితేనే ఆ అంకెకి అర్థం. అయస్కాంతం సంగతి మాత్రం పట్టించుకోండి. ఆల్నికో 2 మెత్తగా, కాస్త లాగినట్టు పలుకుతుంది, ఆల్నికో 5కి పదును, బిగువు ఎక్కువ, సిరామిక్ ఇంకా గట్టిగా, డిస్టార్షన్ ఎంత పెంచినా ముద్దవకుండా ఉంటుంది. ఇదంతా మోటు లెక్కే, ఇంట్లో కూర్చుని వినేటప్పుడు అన్నిసార్లూ ఇలాగే అనిపించదు.

డబ్బు ఖర్చు పెట్టేముందు ఒక స్క్రూడ్రైవర్ తీసుకోండి. 'నెక్ మోత ఎక్కువ, బ్రిడ్జ్ పీల' అనే ఫిర్యాదుల్లో చాలావరకు పికప్ ఎత్తు సరిచేస్తే పోయేవే. 1వ తీగనీ 6వ తీగనీ చివరి ఫ్రెట్ దగ్గర నొక్కిపట్టి, తీగ అడుగు నుంచి పోల్ పైభాగానికి ఎంత దూరమో కొలవండి. హంబకర్లకి బ్రిడ్జ్ దగ్గర 1.6 మి.మీ., నెక్ దగ్గర 2.4 మి.మీ. నుంచి మొదలుపెట్టండి. స్ట్రాట్ (ఫెండర్ కంపెనీ స్ట్రాటోకాస్టర్ గిటార్) లోని సింగిల్ కాయిల్స్, అంటే ఒకే కాయిల్ ఉండే పికప్‌లు అయితే 6వ తీగ వైపు 2 నుంచి 2.4, 1వ తీగ వైపు 1.6 నుంచి 2. తర్వాత చెవి చెప్పినట్టు అరచుట్టు అరచుట్టు తిప్పుతూ వెళ్లండి. సింగిల్ కాయిల్‌ని మరీ పైకి తెస్తే అయస్కాంతమే తీగని పట్టి లాగుతుంది, అప్పుడు లావు తీగలు పై ఫ్రెట్లలో శ్రుతి తప్పినట్టు వణుకుతూ వినిపిస్తాయి. ఆ దెబ్బకి బ్రిడ్జ్ సాడిల్స్‌తో కుస్తీ పట్టి ఇంటోనేషన్ (అన్ని ఫ్రెట్లలోనూ శ్రుతి కుదరడం) రావట్లేదని తల పట్టుకున్నవాళ్లని నేను చూశాను, వాళ్లలో నేనూ ఒకణ్ణి. ఈ పని చేసి ఒక వారం వాయించాక కూడా నచ్చకపోతే అప్పుడు కొనండి.

ఇక మిక్స్ చేసేవాళ్లకి అసలు గండం వైరింగ్, దానితోపాటు ఫేజ్, అంటే రెండు పికప్‌ల సిగ్నళ్లు ఒకే దిక్కులో ఊగుతున్నాయా, ఎదురెదురుగానా అన్నది. ముందు వైరింగ్ గురించి నా కథే చెప్తాను. రెండు హంబకర్ల గిటార్‌లో నెక్ పికప్ అప్పటికే డిమార్జియో కంపెనీది ఉంది, బ్రిడ్జ్‌కి సీమోర్ డంకన్‌ది తెచ్చాను. రెండిట్లోనూ ఎరుపు, నలుపు, తెలుపు, ఆకుపచ్చ వైర్లు, ఒక బోసి వైరు. రంగులు ఒకటే కదా అని పాతది ఎలా ఉందో కొత్తదీ అలాగే సోల్డర్ చేసేశాను. తప్పు పూర్తిగా నాదే. డిమార్జియోలో ఎరుపు హాట్ (సిగ్నల్ తీసుకెళ్లే వైరు), ఆకుపచ్చ గ్రౌండ్ (తిరుగు వైరు), నలుపు తెలుపు రెండూ కలిపి టేప్ వేసేయాలి. డంకన్‌లో నలుపు హాట్, ఆకుపచ్చ గ్రౌండ్, ఎరుపు తెలుపు కలపాలి. నేను చేసినదానికి బ్రిడ్జ్‌లో ఒక్క కాయిలే పనిచేస్తూ పీలగా కీచుమంటోంది, నేనేమో 'ఈ పికప్ ఇంతేనేమో' అనుకుంటూ పది రోజులు ఆంప్ నాబ్‌లు తిప్పుతూ గడిపాను. కొనగానే డబ్బాలో వచ్చే ఆ చిన్న కాగితం పారేయకండి. ప్రతి కంపెనీ రంగుల భాష వేరు.

రంగులు సరిగ్గా కలిపినా రెండు కంపెనీలవి ఒకదానికొకటి ఎదురు ఫేజ్‌లో ఉండొచ్చు. విడివిడిగా రెండూ బ్రహ్మాండంగా పలుకుతాయి, మధ్య పొజిషన్‌కి రాగానే బాస్ అంతా మాయమై, పాత ట్రాన్సిస్టర్ రేడియోలోంచి వచ్చినట్టు ముక్కుతో పాడుతుంది. సోల్డర్ చేయకముందే దీన్ని పట్టుకోవచ్చు. మల్టీమీటర్‌ని 20 కిలో ఓమ్స్ రేంజ్‌లో పెట్టండి, ఎరుపు ప్రోబ్ పికప్ హాట్ వైరుకి, నలుపుది గ్రౌండ్‌కి. ఇనుప స్క్రూడ్రైవర్‌ని పోల్స్ మీద టక్కున ఆనించండి. అంకె ఒక్క క్షణం పైకో కిందికో తుళ్లుతుంది, స్క్రూడ్రైవర్ పైకి లాగితే దానికి ఎదురు దిక్కుకి తుళ్లుతుంది. పాత ముల్లు మీటర్ ఉంటే ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. గిటార్‌లోని పికప్‌లన్నీ ఆనించినప్పుడు ఒకే దిక్కుకి తుళ్లాలి. ఒకటి ఎదురు తిరిగితే దాని హాట్, గ్రౌండ్ అటూ ఇటూ మార్చాలి.

నాలుగు వైర్ల పికప్‌లో ఇది రెండు నిమిషాల పని. కానీ పాతకాలపు పద్ధతిలో బయట జడలా అల్లిన షీల్డే గ్రౌండ్‌గా ఉండే పికప్‌ని ఇలా మార్చకూడదు, మారిస్తే పికప్ లోహపు ఒళ్లంతా హాట్ అయిపోయి చెయ్యి తగిలితే బుయ్‌మంటుంది. దాంట్లో అయస్కాంతమే తిరగేయాలి, అది అనుభవం ఉన్నవాళ్ల చేత చేయించండి. టెలీకాస్టర్ నెక్ పికప్‌తోనూ ఇదే చిక్కు: పైనున్న లోహపు మూత కాయిల్ గ్రౌండ్‌కి కలిసి ఉంటుంది. ముందు ఆ అతుకు తెంపి, మూతకి వేరే మూడో వైరు వేశాకే కాయిల్ వైర్లు మార్చాలి.

స్ట్రాట్ వాళ్లకి నా సలహా సూటిగా: మూడూ కలిపి సెట్ కొనండి. 1954 నుంచి స్ట్రాట్‌కి ఉన్నది మూడు పొజిషన్ల స్విచ్చే, దాన్ని రెండు పొజిషన్ల మధ్యలో ఇరికించి ఆపి ఆ టంగ్‌మనే శబ్దం తెచ్చుకునేవాళ్లు, 1977లో ఫెండర్ ఐదు పొజిషన్ల స్విచ్ ఇచ్చింది. ఇప్పటి సెట్లలో చాలావాటికి మధ్య పికప్ చుట్టే దిక్కూ, అయస్కాంతం ధ్రువమూ రెండూ తిరగేసి ఉంటాయి, దాంతో రెండేసి పికప్‌లు కలిసి పలికే 2, 4 పొజిషన్లలో హమ్ చచ్చిపోతుంది. మన దగ్గర ఇది చిన్న విషయం కాదు. ఎర్త్ పిన్ ఉన్నా అవతల వైరు లేని పాత ఇళ్లు, ఎలక్ట్రానిక్ ఫ్యాన్ రెగ్యులేటర్, కరెంటు పోగానే గుర్రుమనే స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్, వీటన్నిటి మధ్య సింగిల్ కాయిల్ పాపం ఏం చేస్తుంది? మూడింట్లో ఒకటి వేరే కంపెనీది పెడితే ఫేజ్ సరిచేసినా హమ్ తగ్గుతుందన్న హామీ లేదు. ఫేజ్ సరిగ్గా ఉండి ధ్రువాలు కూడా ఎదురెదురుగా ఉంటేనే తగ్గుతుంది. చిన్న దిక్సూచిని పోల్స్ మీద పెట్టి, మధ్య దానికీ పక్క దానికీ ముల్లు ఎదురు వైపులకి తిరుగుతోందా అని చూసుకోండి. చౌక గిటార్లలో మామూలుగా ఉండేది ఇనుప పోల్స్, అడుగున అతికించిన సిరామిక్ బిళ్ల, వాటి పక్కన ఒక్క ఆల్నికో పికప్ పెడితే మోతలోనూ తేడా తెలిసిపోతుంది.

హెచ్‌ఎస్‌ఎస్ గిటార్ (బ్రిడ్జ్‌లో హంబకర్, మిగతా రెండూ సింగిల్ కాయిల్స్) అయితే మిక్స్ చేయక తప్పదు, తయారైనప్పుడే అది మిక్స్. ఇక్కడ గొడవ వాల్యూమ్ పాట్‌తో, అంటే వాల్యూమ్ నాబ్ కింద ఉండే, తిప్పితే మారే రెసిస్టర్‌తో. సింగిల్ కాయిల్స్‌కి 250 కిలో ఓమ్స్, హంబకర్‌కి 500 అలవాటు. 250 పెడితే హంబకర్ దుప్పటి కప్పుకున్నట్టు, 500 పెడితే సింగిల్స్ చెవిలో గుచ్చినట్టు. నేను 500 పాట్ వేసి, సింగిల్స్ వైపు మాత్రం స్విచ్ దగ్గర గ్రౌండ్‌కి ఒక 470 కిలో ఓమ్స్ రెసిస్టర్ కట్టాను. అప్పుడు సింగిల్స్‌కి సుమారు 242 కిలో ఓమ్స్ లోడ్ పడుతుంది, హంబకర్‌ది 500 దగ్గరే ఉంటుంది. రెసిస్టర్ రూపాయి రెండు రూపాయల వస్తువు, ఎలక్ట్రానిక్స్ షాపు ఏదైనా చాలు. ఇంత హైరానా ఎందుకు అనుకుంటే బ్రిడ్జ్‌కి మరీ మోత ఎక్కువ మోడల్ కాకుండా 8 కిలో ఓమ్స్ చుట్టుపక్కల ఉండే పాతకాలపు తరహా హంబకర్ తీసుకోండి, పక్క సింగిల్స్‌తో సర్దుకుపోతుంది.

కొనేముందు స్కేలు పట్టుకుని 1వ పోల్ మధ్య నుంచి 6వ పోల్ మధ్యకి కొలవండి. మామూలు హంబకర్‌లో 49 మి.మీ. దగ్గర, ట్రెమలో బ్రిడ్జ్ ఉన్న గిటార్ల కోసం చేసే వెడల్పు రకంలో 51 నుంచి 52.5. దాన్నే కొందరు ఎఫ్ స్పేసింగ్ అంటారు, డంకన్ వాళ్లు ట్రెంబకర్ అంటారు. మిల్లీమీటరో రెండో తేడా వస్తే శబ్దం ఏమీ కొట్టుకుపోదు, చూడ్డానికి వంకరగా ఉంటుందంతే. గమకాల కోసం తీగని బాగా లాగి వాయించేవాళ్లు మాత్రం విడి పోల్స్ బదులు పొడుగాటి బ్లేడ్ ఉన్న రకం చూడండి, తీగ ఎంత పక్కకి జరిగినా మోత పడిపోదు. లోపలి గుంత లోతు, పాట్ షాఫ్ట్ రంధ్రం సైజు కూడా చూసుకోండి. ఆసియాలో తయారయ్యే గిటార్లలో చిన్న పాట్లే ఎక్కువ, పెద్దవి తెస్తే రంధ్రం తొలచాల్సి వస్తుంది.

యాక్టివ్ (బ్యాటరీతో నడిచేవి), పాసివ్ (బ్యాటరీ అక్కర్లేని మామూలువి) పికప్‌లు కలపొద్దు. ఈఎంజీ లాంటివి 9 వోల్టుల బ్యాటరీతో, 25 కిలో ఓమ్స్ పాట్‌తో నడుస్తాయి, పక్కన పాసివ్ పెడితే ఏదో ఒకటి నష్టపోతుంది. దారులున్నాయి గానీ మొదటిసారి చేసేవాళ్లకి కాదు.

రెండు హంబకర్లున్నవాళ్లు తొందరపడకండి. ముందు బ్రిడ్జ్ ఒక్కటే మార్చండి, నెల రోజులు వాయించండి. చాలామందికి నెక్ మార్చే అవసరమే రాదు. వచ్చినా, ఏం కావాలో అప్పటికి మీకు తెలిసిపోతుంది. విదేశాల నుంచి తెప్పించుకునేటట్టయితే మాత్రం కొరియర్, కస్టమ్స్ రెండుసార్లు కట్టాలి కాబట్టి ఈ లెక్క తిరగబడుతుంది, అప్పుడు సెట్ వైపే మొగ్గండి.

సోల్డరింగ్‌కి ముందు పాత వైరింగ్‌ని ఫోన్‌తో నాలుగు వైపుల నుంచీ ఫొటో తీయండి. పాట్ వెనకాల అతికించడానికి 25 వాట్ల ఐరన్ సరిపోదు, 60 అయితే చకచకా అయిపోతుంది, పాట్ కూడా మాడదు. అంతా అయ్యాక తీగలు వెయ్యకముందే, స్క్రాచ్‌ప్లేట్ బిగించకముందే ఆంప్‌కి తగిలించి వాల్యూమ్ కొంచెం పెట్టి, స్విచ్ ఒక్కో పొజిషన్‌లో ఉంచి స్క్రూడ్రైవర్‌తో ఒక్కో పికప్ మీద మెల్లగా తట్టండి. పలకాల్సినవి టక్కుమనాలి, మిగతావి ఊరుకోవాలి. పాత పికప్‌లు వైర్లు మొదలంటా కత్తిరించకుండా విప్పి డబ్బాలో దాచండి, గిటార్ అమ్మే రోజున కొనేవాడు అడిగేది వాటినే.