కొండగెడ్డకి మోడల్ పెట్టే ముందు వంద రాళ్లు కొలవండి

మాది పాతపట్నం. మాకూ పర్లాకిమిడికీ మధ్యన మహేంద్రతనయ పారుతుంది. అందులో కలిసే ఒక కొండగెడ్డ వానాకాలంలో ఎంత రాయి, ఎంత ఇసుక దించుతుందో చూద్దామని సెడ్‌ఫ్లో ఎక్కించుకున్నాను. స్విట్జర్లాండ్ పరిశోధకులు కొండవాగుల కోసమే రాసిన ఉచిత ప్రోగ్రామ్ అది. ఎక్కించడం ఎంతసేపు! గెడ్డ వాలు, వెడల్పు, రాళ్ల సైజులు, నీటి ప్రవాహం సమకూర్చడమే అసలు పని.

వాలుకి ఇస్రో ఉపగ్రహ చిత్రాలతో చేసిన ఎత్తుల పటం కార్టోడెమ్ తీసుకొని, మ్యాపుల ప్రోగ్రామ్ క్యూజిస్‌లో గెడ్డ పొడవునా ఎత్తులు గీయండి. ఆ పటంలో ఒక్కో గడి 30 మీటర్లు. ఒడ్డున వెదురు పొదలుంటే వాటి ఎత్తు కూడా కలిసిపోయి, నీరు ఎగువకి ఎక్కుతున్నట్టు కనిపిస్తుంది. ఆ గూనులు సరిచేయాలి. వెడల్పు మాత్రం టేపుతోనే. పది మీటర్ల గెడ్డ ఆ గడిలో ఎక్కడ ఆనుతుంది?

రాళ్ల దగ్గర బద్ధకించకండి. గెడ్డలో ఒక అడుగు వేసి, కిందికి చూడకుండా, బొటనవేలి ముందు చేతికి తగిలిన రాయి తీయండి. పొడవూ కాదు, మందమూ కాదు, నడిమి కొలత రాసుకోండి. ఇలా 100. చూసి ఏరితే చెయ్యి పెద్ద రాళ్ల మీదకే పోతుంది. "ఏటి బావా, రాళ్లు లెక్కెడతన్నావేటి?" అని నవ్విన మా బామ్మర్దే, అరవై దాటాక పుస్తకం లాక్కుని రాయడం మొదలెట్టాడు.

రన్ కొట్టే ముందు కాగితం మీద ఒక లెక్క చూసుకోండి. 5 సెంటీమీటర్ల రాయి, 50 మీటర్లకు ఒక మీటరు దిగే వాలు. రాయి ఎప్పుడు కదలడం మొదలెడుతుందో చెప్పే షీల్డ్స్ సంఖ్య 0.047 అనుకుంటే, రాయి కదలడానికి గెడ్డ అడుగు మీద నీటి ఒరిపిడి సుమారు 38 పాస్కల్స్ కావాలి. దానికి జానెడు లోతు, అంటే 20 సెంటీమీటర్ల నీరు చాలు. నడుంలోతు వరదకీ మోడల్‌లో ఆ రాయి కదలలేదంటే ఎక్కడో తప్పు చేశారన్నమాట. నేను మిల్లీమీటర్లలో రాసుకున్న రాళ్ల సైజులని యూనిట్ మార్చకుండా ఎక్కించేస్తే, మోడల్ వాటిని పెద్ద బండలనుకుంది. మూడు గంటలు తిరిగి సున్నా చూపించింది. బండరాళ్లు ఎలా కదుల్తాయి మరి!

ఇంకో చిక్కుంది. నిటారు గెడ్డల్లో పెద్ద బండలే నీటి జోరుని చాలావరకు తినేస్తాయి. ఆ తరుగు లెక్కలోకి తీసుకోకపోతే మోడల్ ఉన్నదానికంటే ఎక్కువ రాళ్లు దించేస్తుంది. 2018 తిత్లీ తుఫాను లాంటి వరద మోడల్‌లో ముందే వేయకండి. మామూలు వానలతో కొన్నాళ్లు నడపండి, మోడల్‌లో గెడ్డ అడుగు తనంతట తాను సర్దుకుంటుంది. తర్వాత దిగువన చెక్‌డ్యామ్ ఉంటే, దాని వెనక మేటని వానలకు ముందొకసారి, తర్వాతొకసారి కొలిచి మోడల్ అంకెతో పోల్చండి.