ఈస్టర్ జడ రొట్టె: మన ఎండల్లో పిండి పాడవకుండా చేసుకునే పద్ధతి

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు మన ఇళ్లలో ఈస్టర్ అంటే తెల్లవారుజాము ఆరాధన, ఇంటికొచ్చాక బిర్యానీ. రొట్టె మాట పెద్దగా ఎవరూ ఎత్తరు. గ్రీసు, రష్యా, ఉక్రెయిన్‌లలో మాత్రం రొట్టె లేకుండా ఈ పండగే జరగదు. అక్కడి ఆర్థడాక్స్ క్రైస్తవులు ఈస్టర్‌కి ముందొచ్చే లెంట్ ఉపవాస రోజుల్లో గుడ్డు, పాలు, వెన్న మానేస్తారు కాబట్టి, పండగనాటికి అవన్నీ ఒకే పిండిలోకి వచ్చి చేరతాయి. కేరళ సిరియన్ క్రైస్తవులు గుడ్‌ఫ్రైడే ముందు రాత్రి పంచుకునే పెసహా అప్పం దీనికి పూర్తిగా వేరు, బియ్యప్పిండితో చేస్తారు, పులియబెట్టరు.

ఇటలీలో పావురం ఆకారంలో చేసే కొలొంబా ఉంది, రష్యాలో స్తంభంలా నిలబడే కులిచ్ ఉంది, కానీ రెండింటికీ అచ్చు కావాలి. గ్రీసు వాళ్ల జడ రొట్టె త్సురేకికి అదేమీ అక్కర్లేదు. మూడు పాయల జడ వెయ్యడం వస్తే చాలు, అందుకే దాంతోనే మొదలుపెట్టమంటాను.

మైదా అరకిలో, పంచదార 100 గ్రాములు, వెన్న 80 గ్రాములు, గుడ్లు రెండు, పాలు 170 మిల్లీలీటర్లు, ఇన్‌స్టంట్ ఈస్ట్ 5 గ్రాములు, ఉప్పు ఒక చిన్న చెంచా. గ్రీసులో వాసనకి ఒక రకం అడవి చెర్రీ గింజల పొడి, మాస్టిక్ అనే చెట్టు జిగురు వేస్తారు, మనకవి దొరకవు. ఎనిమిది యాలకులు దంచి, ఒక కమలాపండు తొక్క పైపైన తురిమి వెయ్యండి, ఏ లోటూ ఉండదు.

అసలు జాగ్రత్తంతా వేడి దగ్గరే. వీడియోల్లో అందరూ గోరువెచ్చని పాలు పోసి వెచ్చని చోట పెట్టమంటారు, అది చలిదేశాల లెక్క. ఏప్రిల్‌లో మన వంటింట్లో ఆ మాట వింటే పిండి గబగబా పొంగిపోతుంది, వెన్న కరిగి జిడ్డుగా బయటికొస్తుంది, పుల్లటి వాసన వేస్తుంది, జడ వేసినా ఆకారం నిలవదు. కాబట్టి పాలూ గుడ్లూ ఫ్రిజ్‌లోంచి తీసి చల్లగానే కలపండి. గుడ్‌ఫ్రైడే నాడు, సిలువ మీద క్రీస్తు పలికిన ఏడు మాటల ఆరాధన నుంచి వచ్చాక సాయంత్రం పిండి కలిపి, అరగంట బయట ఉంచి, మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టేస్తే, రాత్రంతా నెమ్మదిగా పొంగుతుంది, రుచి కూడా అలాగే బాగుంటుంది. శనివారం పొద్దున్నే, ఎండెక్కకముందే జడ వేసుకోవచ్చు.

వెన్న మొదట్లోనే వెయ్యొద్దు. ముందు వేస్తే పిండికి సాగే గుణం రాదు. మిగతావన్నీ కలిపి పది నిమిషాలు బాగా మర్దించాక, ముక్కలు ముక్కలుగా వేస్తూ ఇంకో పది నిమిషాలు పిసకండి. చేతికి అంటుకుంటోందని మైదా చల్లకండి, కాసేపటికి అదే ఊడుతుంది. చిన్న ముద్ద తీసి వేళ్ల మధ్య సాగదీసి చూడండి, వెలుతురు కనిపించేంత పల్చగా సాగి, తెగకుండా ఉంటే అయినట్టే.

పొద్దున పిండిని మూడు తాళ్లుగా చేసి జడ వదులుగా అల్లండి, బిగిస్తే పొంగేటప్పుడు పగులుతుంది. గంటసేపు వదిలేసి వేలితో నొక్కి చూడండి, గుంట మెల్లగా పైకి లేస్తుంటే కాల్చడానికి సిద్ధం. పచ్చసొనలో చెంచాడు పాలు కలిపి పైన రాయండి.

జడలో ఎర్ర గుడ్డు పెట్టడం గ్రీసు వాళ్ల ఆచారం, ఆ ఎరుపు క్రీస్తు రక్తానికి గుర్తు. మన ఎండకి ఉడికిన గుడ్డు మర్నాటిదాకా బయట ఉండకూడదు, అందుకని కాల్చేటప్పుడు మామూలు గుడ్డొకటి గుచ్చి, తర్వాత దాన్ని తీసేసి ఆ రోజే తినేయండి. ఎర్ర ఉల్లి తొక్కల నీళ్లలో కొంచెం వెనిగర్ వేసి ఉడికించిన గుడ్డు గోధుమ ఛాయ ఉన్న ఎరుపు తేలుతుంది, దాన్ని ఫ్రిజ్‌లో ఉంచి ఆదివారం పొద్దున ఆ గుంటలో కూర్చోబెట్టండి.

ఓవెన్ ఉంటే 170 డిగ్రీల దగ్గర 35 నిమిషాలు, పైన త్వరగా నల్లబడుతుంటే ఫాయిల్ కప్పండి. ఓవెన్ లేకపోతే కుక్కర్‌లో గాస్కెట్, విజిల్ తీసి, అడుగున ఉప్పు, స్టాండు పెట్టి సన్న సెగ మీద 45 నిమిషాలు కాల్చొచ్చు గానీ పైన రంగు రాదు. దానికన్నా మన ఒడియా పొరుగువాళ్లు పోడపిఠా అనే పిండివంట కాల్చే పద్ధతి మేలు: పెరట్లో కుంపటి మీద మందపాటి గిన్నె, దానిమీద ఇనప మూత, మూత మీద నిప్పులు, కింద మాత్రం కాసిని బొగ్గులే. అరగంట తర్వాత తీసి అడుగున వేలితో కొడితే డొల్లగా మోగాలి.

పూర్తిగా చల్లారేదాకా కొయ్యకండి. మిగిలిన ముక్కలు సోమవారం పెనం మీద నెయ్యి వేసి కాల్చుకుంటే టీలోకి చాలా బాగుంటాయి.