సోలార్ స్టార్మ్ అని ఫార్వర్డ్ వస్తే బెంగళూరులో ఉన్నోళ్లు ఏం చూడాలి, ఏం చెయ్యాలి

"ఈ రాత్రి 12:30 నుంచి 3:30 దాకా కాస్మిక్ కిరణాలు, ఫోన్లు ఆఫ్ చేసి దూరంగా పెట్టండి" అని అపార్ట్‌మెంట్ గ్రూప్‌లో మెసేజ్ పడితే అది ఏళ్ల తరబడి తిరుగుతున్న పాత సోది, వదిలెయ్యండి. నిజంగా సౌర తుఫాను వచ్చినా, అంటే సూర్యుడు విసిరిన వేడి కణాల మేఘం వచ్చి భూమిని తాకినా, ఫోన్ ఆఫ్ చేస్తే ఒరిగేదేం లేదు, అది కరెంటు పుట్టించేది వందల కిలోమీటర్ల పొడవున్న లైన్లలో, జేబులో పట్టే సర్క్యూట్‌లో కాదు.

ముందు నిజమో కాదో చూసుకోండి. అమెరికా వాతావరణ సంస్థ నోవా (NOAA) వాళ్ల స్పేస్ వెదర్ పేజీ తెరిస్తే పైనే ఆర్, ఎస్, జీ అని మూడుంటాయి, ఒక్కోదానికి 1 నుంచి 5 దాకా నంబర్. ఆర్ అంటే రేడియో బ్లాకౌట్, ఎస్ అంటే రేడియేషన్, అది శాటిలైట్ల వాళ్లూ ధ్రువాల మీదుగా ఫ్లైట్లు నడిపేవాళ్లూ చూసుకునేది. మనకి కావాల్సింది జీ, అంటే భూమి అయస్కాంత క్షేత్రంలో రేగే తుఫాను. జీ1, జీ2 మామూలే, జీ4 దాటితే అప్పుడు పట్టించుకోండి. టైమ్ యూటీసీలో, అంటే ప్రపంచమంతా వాడే ప్రామాణిక టైమ్‌లో ఉంటుంది, ఐదున్నర గంటలు కలపాలి, అక్కడ 18:00 అంటే మనకి రాత్రి 11:30.

ఇంకో గుర్తు చెప్తా. సూర్యుడి నుంచి ఆ మేఘం ఇక్కడికి రావడానికి ఒక్కోసారి 15-18 గంటలు, ఒక్కోసారి మూడు రోజులు పడుతుంది, కరెక్ట్ టైమ్ తెలిసేది 15 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉన్న శాటిలైట్లని అది తాకాకే, అప్పటికి మన చేతిలో మిగిలేది మహా అయితే గంట. సూర్యుణ్ణి గమనించే మన శాటిలైట్ ఆదిత్య-ఎల్1 ఉండేదీ అక్కడే, దాని మీదున్న పెద్ద పరికరం వీఈఎల్‌సీ తయారుచేసింది మన కోరమంగళలో ఉన్న ఆస్ట్రోఫిజిక్స్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లే. కాబట్టి రెండ్రోజుల ముందే నిమిషాలతో సహా చెప్పేవాణ్ణి నమ్మొద్దు.

కరెంటు పోతుందా అంటే, 1989 మార్చి 13న కెనడాలో క్యూబెక్ గ్రిడ్ 90 సెకన్లలో కూలి 60 లక్షల మంది 9 గంటలు చీకట్లో ఉన్నారు, నిజమే. కానీ అది ధ్రువానికి దగ్గర, పైగా కింద గట్టి రాయి, భూమిలో పారలేని కరెంటు ఎర్తింగ్ గుండా ట్రాన్స్‌ఫార్మర్లలోకి ఎక్కింది. మనం చాలా దూరం, ఆ భయం బాగా తక్కువ. 2024 మేలో జీ5 వచ్చి లద్దాఖ్ హాన్లేలో ఆకాశం ఎర్రబడినా ఎక్కడా గ్రిడ్ అలా కూలలేదు.

అప్పుడు దెబ్బ తగిలింది జీపీఎస్‌కి, అమెరికాలో విత్తనాలేసే టైమ్‌లో జీపీఎస్ ట్రాక్టర్లు పొలాల్లోనే ఆగిపోయాయి. మనకీ అసలు తలనొప్పి ఇదే, అయస్కాంత భూమధ్యరేఖ దక్షిణాది కొస మీదుగా పోతుంది కాబట్టి మామూలు రోజుల్లోనే పొద్దుగూకాక మన పైన అయనోస్ఫియర్, అంటే జీపీఎస్ సిగ్నల్ దాటి రావాల్సిన పై గాలి పొర, కుదురుగా ఉండదు, తుఫాను వస్తే ఇంకా చెడొచ్చు. ఔటర్ రింగ్ రోడ్ మీద నీలం చుక్క మెయిన్ రోడ్‌లో ఉందో సర్వీస్ రోడ్‌లో ఉందో తేలకపోవచ్చు, క్యాబ్ బుక్ చేస్తే పిన్‌ని నమ్ముకోకుండా డ్రైవర్‌కి ఫోన్ చేసి ల్యాండ్‌మార్క్ చెప్పండి. డ్రోన్ ఎగరెయ్యొద్దు. సైట్ సర్వే చేసేవాళ్లయితే తెలిసిన పాయింట్ మీద రీడింగ్ సరిపోయిందో లేదో చూశాకే మిగతావి తీసుకోండి.

ఇంట్లో చేసేది వానాకాలం కరెంటు పోతే చేసేదే. పవర్ బ్యాంక్ ఛార్జ్ పెట్టి, ఓవర్‌హెడ్ ట్యాంక్ నింపించి, అపార్ట్‌మెంట్ జనరేటర్‌లో డీజిల్ ఉందా అని అడిగి, యూపీఐ ఆడకపోతే పాలకీ కూరగాయలకీ అని కొంచెం క్యాష్ పెట్టుకోండి చాలు. ముందుగానే ప్లగ్గులన్నీ పీకక్కర్లేదు, ఒకవేళ పోతే మాత్రం ఫ్రిజ్, ఏసీ స్విచ్‌లు ఆపి, తిరిగొచ్చాక పది నిమిషాలు ఆగి వెయ్యండి. ఫోన్ కాపాడే కవర్లంటూ అమ్మేవి కొనొద్దు. టెర్రస్ మీద సోలార్ ప్యానెల్ ఆరోజు ఎక్కువ కరెంటేం ఇవ్వదు, అడిగేవాళ్లున్నారు కాబట్టి చెప్తున్నా.

మార్చి, అక్టోబర్ చుట్టుపక్కల కొన్ని రోజులు వరుసగా పగటిపూట ఒకే టైమ్‌కి డిష్ టీవీలో బొమ్మ ఆగితే అది తుఫాను కాదు, సూర్యుడు సరిగ్గా శాటిలైట్ వెనక్కి వచ్చాడంతే, కంప్లైంట్ పెట్టకండి, కొన్ని నిమిషాల్లో అదే వస్తుంది.